కుంటలో కనబడని కూలీలు



ఈ నెల సంపాదకీయం ఇంటి వెనక, బాయి కాడ తవ్వుకున్న చేపల కుంట గురించి. "వడ్ల కొనుగోలు ముచ్చట ఉండంగ సంఘం పత్రికల చేపల ముచ్చట ఎందుకు?" అని కొందరు అడగవచ్చు. విత్తనం దుకాణంలో, పురుగుమందుల దుకాణంలో మనం ఇన్నేళ్లు ఎట్లా దెబ్బతిన్నామో అందరికీ తెలుసు. తెలియని సరుకును, తెలియని మోతాదులో, అప్పు మీద కొన్నాం. ఇప్పుడు చేపల కుంట దగ్గర కూడా అదే కథ మొదలైంది. ఈసారి సీసా మీద రాసి ఉన్న పేరు "మంచి బ్యాక్టీరియా". నేనూ కొన్నాను, నష్టపోయాను. నా నష్టం ఇంకొకరికి రావద్దని రాస్తున్నాను.

నా కుంటలో జరిగింది

మాది వీర్నపల్లి. చుట్టూ గుట్టలు, అడవి, తండాలు. మా జిల్లాలో నర్మాల దగ్గర ఎగువ మానేరు ఉంది, మాన్వాడ దగ్గర మధ్య మానేరు ఉంది. అయినా మా గుట్టల పొంట ఉన్న చెల్కలకు చాలావరకు వానే దిక్కు, బోరే దిక్కు. అందుకే ఉపాధి హామీ పనిలో నీటి కుంట తవ్విస్తామంటే సంతోషంగా ఒప్పుకున్నాను. బాయి కాడ రెండు గుంటల జాగ పోయింది. ఐదడుగుల నీళ్లు నిలిచాయి. లెక్క వేస్తే దాదాపు 3 లక్షల లీటర్లు.

ఊరి చెరువు చేపల మీద హక్కు మన ముదిరాజ్, గంగపుత్ర సోదరుల సొసైటీలది. 2016-17లో ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టింది కూడా ఆ చెరువుల కోసమే. మన పొలం కుంట వాళ్లకు పోటీ కాదు. ఇంట్లో కూరకు పనికొస్తుంది, నాలుగు పైసలు మిగిలితే పిల్లల ఫీజుకు అక్కరకొస్తయి. ఆ ఆశతోనే మాఘమాసంలో 600 పిల్లలు తెచ్చి వదిలాను. బొచ్చె, రవ్వ, బంగారుతీగ. తవుడు, పల్లి చెక్క కలిపి మేత వేశాను. మృగశిర కార్తెకు అమ్మితే మంచి ధర వచ్చేది. "ఇంకో రెండు నెలలు పెరగనీ" అని ఆగాను.

ఆషాఢంలో ముసురు పట్టింది. పొద్దుగాల పోయి చూస్తే చేపలు మూతులు పైకి పెట్టి నీటి మీద గాలి మింగుతున్నాయి. మేత కూడా సగమే తింటున్నాయి. భయపడి పట్నం పోయి ఒక దుకాణంలో అడిగాను. "నీళ్లు చెడిపోయినయ్. మంచి బ్యాక్టీరియా పోస్తే మురికంతా తినేస్తది" అన్నారు. రెండు సీసాలు ఇచ్చారు. ఐదు కిలోల బెల్లం నీళ్లలో కలిపి, అందులో ఈ మందు పోసి, ఒక పూట నానబెట్టి కుంటలో చల్లమన్నారు. ఆ రోజు సాయంత్రం, మబ్బు కమ్ముకొని ఉండగా, అట్లాగే చల్లాను. మందు పోశాను గదా అనే ధైర్యంతో ఆ పూట మేత కూడా నిండుగా వేశాను.

తెల్లారేసరికి కుంట మీద తెల్లటి పొట్టలు తేలాయి. పొద్దెక్కేలోపు నాలుగు వందలకు పైగా ఏరి గట్టు మీద వేశాం. మా ఇంటామె ఒకటే మాట అన్నది: "నీళ్లకు మందు పోసినవా, చేపలకు పోసినవా?"

దుకాణమాయనను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆయనకు ఎవరో చెప్పింది ఆయన నాకు చెప్పాడు. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నేను తర్వాత చాలామందిని అడిగాను, దొరికిన పుస్తకాలు చదివాను. పదో తరగతి చదివిన నాకు అర్థమైందంటే మీకూ అర్థమవుతుంది.

ఈ కూలీలు ఎవరు?

చేప మనలాగా మూత్రం ద్వారా మలినాన్ని బయటికి పంపడం తక్కువ. చాలావరకు మొప్పల నుంచే అమ్మోనియాగా నీటిలోకి వదులుతుంది. తినని మేత, పెంట, చచ్చిన నాచు మురిగినా అమ్మోనియానే వస్తుంది. యూరియా బస్తా విప్పితే ముక్కుకు ఘాటుగా తగిలేది ఇదే. చేపకు ఇది విషం.

కుంటలో ఈ అమ్మోనియాను తీసేది ఇద్దరు. పచ్చనీటి నాచు ఎండ ఉన్నప్పుడు కొంత పీల్చుకుంటుంది. మిగతా పని బ్యాక్టీరియాది. ఒక రకం బ్యాక్టీరియా, నైట్రోసోమోనాస్ వంటివి, అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. అది చేప నెత్తుటిని గోధుమ రంగుకు తిప్పుతుంది, నెత్తురు ఆక్సిజన్ మోయలేదు. రెండో రకం బ్యాక్టీరియా, నైట్రోబ్యాక్టర్, నైట్రోస్పైరా వంటివి, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌తో చేపకు పెద్ద బాధ లేదు. మొక్కకైతే అది మేలైన ఎరువు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మక్క చేన్లో చల్లిన యూరియా మొదట అమ్మోనియా అయి, తర్వాత నైట్రేట్ అయి వేరుకు అందేది ఈ జాతి బ్యాక్టీరియా వల్లనే. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ మట్టిలో ఈ పని చేసే బ్యాక్టీరియాను వేరు చేసి చూపించాడు. అంటే మన తాతలు చేన్లకు పెండ తోలిన నాడు కూడా ఈ కూలీలు పనిలోనే ఉన్నారు. మన కుంట మట్టిలో, గట్టు రాళ్ల మీద జిగురులాగా పట్టుకొని ఉన్నది కూడా వీళ్లే. వాళ్లను సీసాలో కొని తెచ్చే పని పెద్దగా లేదు. వాళ్లు బతికే తీరు చూడాల్సిన పని మాత్రం ఉంది.

ఇక నా కుంట లెక్క చూడండి. 600 చేపలు, ఒక్కొక్కటి పావుకిలో అంటే 150 కిలోల చేప. వందకు మూడు వంతుల చొప్పున రోజుకు నాలుగున్నర కిలోల మేత. ఆ మేతలో ఉన్న నత్రజని సుమారు 190 గ్రాములు. చేప ఒంటికి పట్టేది అందులో పావు వంతో, కొంచెం ఎక్కువో. మిగిలిన 130 గ్రాములకు పైగా రోజూ నీటిలోకే పోతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్ చేయడానికి బ్యాక్టీరియాకు నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్, ఏడు గ్రాముల సున్నపు సారం కావాలి. పనంతా వాళ్ల మీదే పడితే రోజుకు 600 గ్రాముల ఆక్సిజన్, దగ్గర దగ్గర ఒక కిలో సున్నం ఖర్చు. నేను ఒక్క రోజు కూడా ఆ కూలి కట్టలేదు.

బెల్లం సంగతి ఇంకా ఘోరం. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్న మంచి నీళ్లే అయినా, 3 లక్షల లీటర్ల కుంట మొత్తంలో ఉండేది కిలోన్నర ఆక్సిజన్. ఐదు కిలోల బెల్లాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సింది రెండు కిలోలకు పైనే. ఆ బ్యాక్టీరియా కూడా గాలి పీల్చే జీవులే. పైగా మబ్బు పట్టి నాచు ఆక్సిజన్ తయారు చేయలేదు. రాత్రి అదే నాచు ఉన్న ఆక్సిజన్‌ను పీల్చుకుంది. చేపలు వాటి పాలు అవి పీల్చాయి. అసలే మూతులు పైకి పెట్టిన చేపల నోటి కాడి గాలిని నేను నా చేతులతో బెల్లానికి ధారపోశాను. అమ్మోనియా చంపకముందే ఊపిరాడక చచ్చాయి.

వాళ్లకు మనం కట్టాల్సిన కూలి

పొలంలో కూలీని పనికి పిలిస్తే అన్నం, నీళ్లు, నీడ చూస్తాం. కుంటలో కూలీలకు కూడా అంతే. వాళ్లు అడిగేవి ఐదు.

మొదటిది, మోయగలిగినంత పని. గాలి యంత్రం లేని రెండు గుంటల కుంటకు 100 నుంచి 150 చేపపిల్లలు చాలు. నేను 600 వేశాను. మేత ఒక్కసారి విసిరేయవద్దు. కొల్లేరు రైతులు తవుడు సంచులకు రంధ్రాలు పెట్టి కర్రలకు కట్టి వేలాడదీస్తారు. చేప పొడుచుకొని తింటుంది, మిగిలింది కనబడుతుంది. మిగిలితే మరుసటి రోజు తగ్గించాలి. ముసురు పట్టిన రోజు, చేపలు మూతులు పైకి పెట్టిన రోజు మేత పూర్తిగా బంద్. ఒక రోజు పస్తుంటే చేప చావదు.

రెండోది, గాలి. కుంటలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉండేది తెల్లారగట్ల. అందుకే కుంట చూడాల్సింది సాయంత్రం కాదు, కోడి కూసిన వేళ. బోరు నీళ్లను పైపు నీటిలో ముంచి వదలొద్దు. నాలుగడుగుల ఎత్తు నుంచి రాయి మీదనో రేకు మీదనో పడి చిందేటట్టు వదలాలి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, చిందినప్పుడే గాలి కలుస్తుంది. మబ్బు రాత్రుల్లో మోటరు తెల్లారగట్ల ఒక గంట ఇట్లా నడిపితే, నా రెండు సీసాలు చేయని పని చేస్తుంది.

మూడోది, సున్నం. అమ్మోనియాను మార్చే పనిలో నీటి సున్నపు సారం కరుగుతూ పోతుంది. అది అయిపోతే బ్యాక్టీరియా పని ఆపేస్తుంది. కుంట ఎండినప్పుడు, నీళ్లు పెట్టకముందు, రెండు గుంటలకు 5 నుంచి 10 కిలోల సున్నం అడుగున చల్లాలి. తర్వాత నెలకో రెండు నెలలకో వ్యవసాయ సున్నపు పొడి కొంచెం కొంచెం ఇవ్వాలి. ఒక జాగ్రత్త. చేపలున్న నీటిలో అమ్మోనియా ఎక్కువైన రోజు కాల్చిన సున్నం పోయొద్దు. అది పీహెచ్‌ను ఒక్కసారి పెంచుతుంది. 30 డిగ్రీల వేడి నీటిలో పీహెచ్ 7 ఉంటే అమ్మోనియాలో విషపు రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8 అయితే ఏడెనిమిది వంతులు. 9 అయితే సగానికి దగ్గర. పచ్చనీళ్ల కుంటలో ఎండాకాలం మధ్యాహ్నం పీహెచ్ తనంతట తానే పెరుగుతుంది. మంచి పని అనుకొని మనం ఇంకా పెంచొద్దు.

నాలుగోది, ఉండటానికి జాగ. ఈ బ్యాక్టీరియా నీటిలో తేలడం కన్నా దేన్నైనా పట్టుకొని ఉండటానికి ఇష్టపడుతుంది. కుంటలో వెదురు బొంగులు పాతితే వాటి మీద జిగట పొర కడుతుంది. అందులో ఈ కూలీలు ఉంటారు, పైన నాచు ఉంటుంది, రవ్వ చేప దాన్ని గీకి తింటుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశపు మత్స్యకారులు కొమ్మలు పాతి చేపలు పెంచే పద్ధతిని అకాజా అంటారు. బంగ్లాదేశ్‌లో కూడా ఇట్లాంటిది ఉంది. అయితే పచ్చి కొమ్మలు, గడ్డి కట్టలు ఎక్కువ వేస్తే అవి మురిగి ఆక్సిజన్ తింటాయి. ఎండిన బొంగు మేలు. సిమెంటు తొట్టిలో కొర్రమీను పెంచేవాళ్లు కంకర, పాత పెంకు ముక్కలు ఒక డబ్బాలో నింపి, నీళ్లు అందులో నుంచి పారేటట్టు చేసుకోవచ్చు. కొర్రమీను మన రాష్ట్ర చేప. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఆక్సిజన్ తక్కువైనా తట్టుకుంటుంది. అమ్మోనియా మాత్రం దానికీ విషమే.

ఐదోది, టైము. పెంటను మురగబెట్టే బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపు కావచ్చు. ఈ అమ్మోనియా కూలీలు అట్లా కాదు. రెట్టింపు కావడానికి వాళ్లకు ఒక పూట నుంచి ఒకటి రెండు రోజులు పడుతుంది. కొత్త కుంట, కొత్త తొట్టి కుదుట పడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే నీళ్లు పెట్టిన మరునాడే వందల పిల్లలు వేయొద్దు. సున్నం చల్లిన వారం తర్వాత రెండు గుంటలకు 40 కిలోల మాగిన పెండ వేసి, నీళ్లు పెట్టి, పదిహేను రోజులు ఆగి, మొదట కొన్ని పిల్లలనే వదలండి. తొందర ఉంటే, చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత కుంట నుంచి ఒక బకెట్ అడుగు మట్టి, జిగురు పట్టిన రాళ్లు తడి ఆరకుండా తెచ్చి వేయండి. అదే అసలు విత్తనం. దానికి పైసా ఖర్చు లేదు. రోగం వచ్చిన కుంట మట్టి మాత్రం తేవద్దు.

ఈ కూలీలను మనమే చంపుకునే దారులు కూడా తెలుసుకోవాలి. నీళ్లు శుభ్రం కావాలని బ్లీచింగ్ పౌడర్, పర్మాంగనేట్ పోస్తే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. చేపకు పుండు కనబడగానే తెలియని యాంటీబయాటిక్ కలిపినా దెబ్బే. పత్తి చేను మందు కొట్టిన తర్వాత వాన పడితే ఆ నీళ్లు కుంటలోకి రాకుండా గట్టు కట్టాలి. మిషన్ భగీరథ నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. తాగే నీళ్లు చేపలకు వాడొద్దనే నా మాట. ఇంటి ముందు చిన్న తొట్టి ఆ నీళ్లతో నింపినవాళ్లు కనీసం రెండు రోజులు ఎండకు పెట్టిన తర్వాతే చేపను వదలాలి.

యంత్రం లేకపోయినా కుంటను చదవొచ్చు. చేయి మోచేతి దాకా ముంచండి. అరచేయి మసకగా కనబడితే నీరు సరిగా ఉంది. మోచేయి మునగకముందే అరచేయి మాయమైతే నాచు ఎక్కువైంది, మేత తగ్గించాలి. అడుగు మట్టి తీసి వాసన చూడండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అడుగున గాలి లేదు. చచ్చిన చేప మొప్ప విప్పితే గోధుమ రంగులో ఉంటే నైట్రైట్ అని అనుమానించాలి. అప్పుడు ఇంట్లో వాడే ఉప్పు మందు. నా అంత కుంటకు 50 కిలోలు కరిగించి చల్లితే చేప మొప్పల్లోకి నైట్రైట్ చొరబడటం తగ్గుతుంది.

నీళ్లు మార్చాల్సి వస్తే పై నీళ్లు వదలొద్దు. అడుగు నీళ్లు పదోవంతు తీసి వంకాయ, టమాట మడికి పెట్టండి. బ్యాక్టీరియా తయారు చేసిన నైట్రేట్ అందులోనే ఉంది. చేపకు బరువైంది మొక్కకు బలం. ఈ యాసంగిలో మా మిరప మడికి యూరియా వేయలేదు.

సీసా కొనేముందు

సీసాలన్నీ మోసమని నేను అనడం లేదు. కొన్నింటిలో మురికిని తినే బాసిల్లస్ జాతి ఉంటుంది, కొన్నింటిలో అమ్మోనియాను మార్చే జాతి ఉంటుంది. కిక్కిరిసిన పెంపకంలో, గాలి యంత్రాలు నడిచే చోట, తెలిసినవాళ్ల చేతిలో వాటికి ఉపయోగం ఉండొచ్చు. కానీ గాలి లేని, సున్నం లేని, మేత ఎక్కువైన కుంటలో ఎంత మంచి బ్యాక్టీరియా పోసినా అది కూలి లేని చోటికి కూలీలను తోలినట్టే. గాలి, సున్నం సరిగా ఉన్న కుంటలో వాళ్లు ఎట్లాగూ పుట్టుకొస్తారు.

అందుకే సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు నాలుగు అడగండి. ఇందులో ఏ జాతి ఉంది? గ్రాముకో మిల్లీలీటరుకో ఎన్ని బ్రతికి ఉన్నాయి? ఎప్పుడు తయారైంది? ఇన్నాళ్లు ఎండలో పెట్టారా, నీడలో పెట్టారా? జవాబు లేకపోతే పైసలు జేబులోనే ఉంచుకోండి.

చేను కోసం కొనే జీవన ఎరువుకు ఈ కట్టుబాటు ఉంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి 2006లో జీవన ఎరువులను చేర్చారు. రైజోబియం పొడి అయితే గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలు, ద్రవం అయితే మిల్లీలీటరుకు 10 కోట్లు ఉండాలి. లేకపోతే అమ్మినవారి మీద చర్య. పక్కన ఆంధ్రప్రదేశ్ 2020లో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం చేసింది. మన కుంటలో పోసే సీసాకు కూడా అంత పట్టింపు ఎందుకు ఉండకూడదు?

అప్పు మీద తొట్టి పెట్టేవాళ్లకు

నా నష్టం నాలుగు వందల చేపలు. దాన్ని ఎట్లాగో మోశాను. ఇప్పుడు మన దగ్గర యువకులు బయోఫ్లాక్ తొట్ల వైపు చూస్తున్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తమ్ముళ్లు, మగ్గం పని తగ్గిన సిరిసిల్ల పిల్లలు, తండా బిడ్డలు అడుగుతున్నారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఏడు తొట్ల చిన్న యూనిట్ ఖర్చు 7.5 లక్షలుగా లెక్కగట్టారు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు అందులో 60 శాతం రాయితీ, మిగతావాళ్లకు 40 శాతం. 60 శాతం రాయితీ వచ్చినా తండా బిడ్డ నెత్తి మీద 3 లక్షలు ఉంటుంది.

బయోఫ్లాక్ అంటే పూర్తిగా ఈ బ్యాక్టీరియా మీద నిలబడిన పెంపకం. బెల్లం వంటి తీపి పదార్థం లెక్క ప్రకారం కలిపి, అమ్మోనియాను బ్యాక్టీరియా ఒంట్లోకి మార్చి, ఆ గుజ్జునే చేపకు మేత చేస్తారు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ ఈ లెక్కలకు రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు. పద్ధతి మంచిదే. కానీ అక్కడ గాలి యంత్రం రాత్రింబవళ్లు ఆగొద్దు. చేపలు నిండిన తొట్టికి గంట సేపు గాలి ఆగితే ఏడాది కష్టం పోతుంది. బెల్లం లెక్క తప్పినా అంతే. నా కుంటలో పోసిన ఆ ఐదు కిలోలే సాక్ష్యం. ఇన్వర్టరో జనరేటరో లేకుండా, నీటి పరీక్ష నేర్వకుండా, ఎవరో చూపించిన వీడియో చూసి సంతకం పెట్టొద్దని తమ్ముళ్లకు చేతులెత్తి చెబుతున్నాను. ముందు ఒక కుంట, వంద చేపలు. ఒక ఏడాది దాన్ని నిలబెట్టినవాడు తొట్టి నిలబెడతాడు.

సంఘం అడుగుతున్నది

పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది, పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. వీర్నపల్లి రైతుకు రెండూ దూరమే. చేప చచ్చిన రోజు అంత దూరం ఎవరు పోతారు? అందుకని మన సంఘం తరఫున ఈ మూడు కోరికలు పెడుతున్నాం.

ఒకటి, ప్రతి రైతు వేదికలో నీటి పరీక్ష కిట్ ఉండాలి. పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, సున్నపు సారం, ఆక్సిజన్ చూసే కిట్. భూసార పరీక్ష ఎంత అవసరమో ఇది అంతే. పట్టినవాళ్లు ఒకరు, నేర్చినవాళ్లు ఒకరు ఉంటే చాలు.

రెండు, కుంటల్లో పోసే బ్యాక్టీరియా సరుకు మీద జాతి పేరు, జీవకణాల సంఖ్య, తయారీ తేదీ తెలుగులో రాసి ఉండాలి. నమూనాలు తీసి పరీక్షించే బాధ్యత ప్రభుత్వానిది.

మూడు, బయోఫ్లాక్, పెరటి కుంటల రాయితీ ఇచ్చే ముందు కనీసం పది రోజుల శిక్షణ ఉండాలి. అది కుంట గట్టు మీద జరగాలి, ఆడవాళ్లను పిలవాలి. ఇంటి వెనక కుంటకు పొద్దున మేత వేసేది, చేప మూతి పైకి పెట్టిందని మొదట చూసేది వాళ్లే. నా కుంట సంగతి కూడా మొదట మా ఇంటామెనే గుర్తుపట్టింది. "నీళ్లు ఎట్లనో ఉన్నయి, మేత ఆపు" అని నాలుగు రోజుల ముందే చెప్పింది. నేను వినలేదు.

ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగొద్దు. మండలంలో పది కుంటల రైతులు కలిసి ఒక కిట్ కొనుక్కోవచ్చు. ఒకరి కుంట మట్టి ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. తెల్లారగట్ల ఒకరి కుంట ఇంకొకరు చూసుకోవచ్చు. సంఘం అంటే ఇదే గదా.

ఈ మాఘంలో మళ్లీ నా కుంటలో చేపలు వదిలాను. 120 పిల్లలు. బొంగులు పాతాను. బెల్లం డబ్బా వంటింట్లోనే ఉంది. ముసురు రోజుల్లో తెల్లారగట్ల లేచి మోటరు వేస్తున్నాను. చేపలు ఇప్పటిదాకా మూతి పైకి పెట్టలేదు. మృగశిర కార్తెకు ఈసారి ఆగను.